అమెరికాలో ఆరోగ్య బీమా గొడవ: కొత్తగా వచ్చినవాళ్లు తెలుసుకోవాల్సింది

ఆఫీసులో లంచ్ దగ్గర మాట ఆరోగ్య బీమా మీదకి మళ్లిందంటే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుకుంటున్నవాళ్ల గొంతులు మారిపోతాయి. కొత్తగా వచ్చిన మనకి ఇది వింతగా ఉంటుంది. ‘మా దగ్గర 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఇంత డబ్బున్న దేశంలో దీనికింత రాద్ధాంతం ఎందుకు?’ అని అడగాలనిపిస్తుంది. అడగండి, తప్పులేదు. కానీ ముందు ఈ గొడవ ఎక్కడ మొదలైందో తెలుసుకోండి. మీ పర్సులో ఉన్న ఇన్సూరెన్స్ కార్డుకీ దానికీ సంబంధం ఉంది.

ఇక్కడ అందరికీ కలిపి ఒకే పథకం లేదు. 65 ఏళ్లు దాటినవాళ్లకి మెడికేర్, ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్లకి మెడికెయిడ్. ఈ రెండూ 1965లో వచ్చాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి బీమా ఉద్యోగంతోనే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెడితే, పనివాళ్లు వేరేచోటికి పోకుండా కంపెనీలు బీమా ఆశ చూపించాయి. తర్వాత పన్ను మినహాయింపు కూడా తోడై ఆ పద్ధతే పాతుకుపోయింది. చిన్న వ్యాపారాలవాళ్లూ, ఉద్యోగం పోయినవాళ్లూ ఎటూ కాకుండా మిగిలిపోయారు. పైగా పాత జబ్బు ఉందంటే సొంతంగా కొనుక్కుందామన్నా కంపెనీలు ఇచ్చేవి కావు.

వాళ్ల కోసమే 2010 మార్చిలో ఒబామా సంతకం చేసిన అఫోర్డబుల్ కేర్ యాక్ట్ వచ్చింది. ఒబామాకేర్ అని అందరూ అనేది దీన్నే. పాత జబ్బు ఉందని బీమా ఇవ్వననకూడదు, సొంతంగా కొనుక్కునేవాళ్లకి ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుంది. 2012లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో దాన్ని నిలబెట్టింది కానీ, మెడికెయిడ్‌ని ఇంకొంతమంది తక్కువ ఆదాయంవాళ్లకి విస్తరించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సస్ విస్తరించలేదు. 2017 జూలైలో ఈ చట్టాన్ని రద్దు చేసే ప్రయత్నం సెనేట్‌లో 49-51తో వీగిపోయింది. రిపబ్లికన్ పార్టీకే చెందిన జాన్ మెకెయిన్ ఆ రాత్రి బొటనవేలు కిందికి చూపించి వ్యతిరేకంగా ఓటేశారు. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది కూడా ముఖ్యంగా ఈ చట్టం కింద అప్పట్లో ఇస్తున్న అదనపు సబ్సిడీల దగ్గర వచ్చిన పట్టుదలతోనే.

టీవీ చూస్తే ఇదంతా రెండు పార్టీల పోట్లాటలా కనిపిస్తుంది. వీధిలో అలా ఉండదు. మా పక్కింటాయన ఏసీలు రిపేరు చేసే చిన్న వ్యాపారం నడుపుతాడు. ఆదాయం సబ్సిడీ గీత దాటిందంటే ప్రీమియం మొత్తం తనే కట్టుకోవాలి. ‘ఎవరి బీమానో నా నెత్తిన వేశారు’ అంటాడు. రెండిళ్ల అవతల ఒకావిడ కూతురికి టైప్ 1 షుగర్. ఈ చట్టం లేకపోతే పిల్ల పెద్దయ్యాక బీమా ఎవరిస్తారని ఆవిడ టెన్షన్. ఇద్దరూ తమ ఇంటి లెక్కే చెబుతున్నారు, ఇద్దరి లెక్కా నిజమే. జబ్బు ఉన్నందుకే మనిషిని కాదనకూడదన్న ఒక్క నిబంధన కోసమైనా ఈ చట్టం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అయినా పక్కింటాయన బాధని కొట్టిపారేయలేను. కాబట్టి ఎవరైనా కోపంగా మాట్లాడితే వాదనకి దిగకుండా ‘మీకు బీమా ఎలా వస్తోంది?’ అని అడగండి. సగం సంగతి అక్కడే తెలుస్తుంది. వాళ్ల జబ్బుల గురించి మాత్రం మీరుగా అడక్కండి.

ఇక మీ సంగతి. ఉద్యోగంలో చేరగానే ప్లాన్ ఎంచుకోవడానికి గడువు ఎంతో హెచ్‌ఆర్‌ని అడగండి. చాలాచోట్ల 30 రోజులే. ఆ గడువు దాటితే పెళ్లో, బిడ్డ పుట్టడమో లాంటి కారణం ఉంటే తప్ప మళ్లీ ఏడాది చివర అందరూ ప్లాన్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. ప్రీమియం తక్కువని డిడక్టిబుల్ చూడకుండా తీసుకోకండి. అంత మొత్తం మీ చేతినుంచి పెట్టాకే చాలా ఖర్చులకి బీమా కదులుతుంది. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే మీ బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టరు దగ్గర ఏడాది చెకప్‌కి డబ్బు తీసుకోరు, అది ఈ చట్టం పుణ్యమే. అయితే ఆ చెకప్‌లోనే మోకాలి నొప్పి సంగతి ఎత్తితే దానికి వేరే బిల్లు రావచ్చు.

డాక్టర్ని కలిసిన కొన్నాళ్లకి ఇంటికి ఒక కాగితం వస్తుంది. పైన ‘ఇది బిల్లు కాదు’ అని ఉంటుంది. దాన్నే ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్) అంటారు. ఆసుపత్రి ఎంత అడిగింది, బీమా కంపెనీ ఎంత తగ్గించింది, ఎంత కట్టింది, మీ వాటా ఎంత అన్నవి వరసగా ఉంటాయి. పారేయకండి. తర్వాత వచ్చే అసలు బిల్లు ఆ చివరి అంకెతో కలవకపోతే డబ్బు కట్టకుండా ముందు ఫోన్ చేయండి.

ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్లకి వీసా గడువు 60 రోజులే అని అందరికీ గుర్తుంటుంది, బీమా మాత్రం మర్చిపోతారు. కోబ్రా అనే చట్టం కింద పాత ప్లానే 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం మీరే కట్టాలి. లేదంటే బీమా ఆగిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఒబామాకేర్ ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, వేరే ప్లాన్ చూసుకోవాలి.

అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చేటప్పుడు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఈ చట్టం రక్షణ వర్తించదు. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి చాలా పాలసీలు డబ్బివ్వవు, ఇచ్చేవి కూడా ఉన్నట్టుండి తిరగబెడితేనే, అదీ ఒక పరిమితి దాకానే. ఎమర్జెన్సీకి వెళ్తే ఆసుపత్రి పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం ఉంది, కానీ బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. అందుకని వాళ్లు విమానం ఎక్కకముందే పాలసీ పత్రంలో పాత జబ్బుల పేజీ పూర్తిగా చదివి కొనండి. ఉండబోయే నెలలకి సరిపడా మందుల్ని డాక్టరు చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోమనండి.