పెన్నులు చేసే లేత్‌కు సరిపడే సామాన్లు ఎలా ఎంచుకోవాలి?

అనంతపురంలో మా ఇంటి వసారాలో చిన్న చెక్క లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే మిషన్) పెట్టుకున్న కొత్తలో ఆన్‌లైన్‌లో ఒక పెన్ మాండ్రిల్, అంటే పెన్ను చెక్కను గుచ్చి తిప్పే కడ్డీ, తెప్పించాను. వారం ఎదురుచూసి పెట్టె విప్పి హెడ్‌స్టాక్‌లో (లేత్‌కు మోటారు తిప్పే వైపు) పెడితే, అది ఎక్కడా పట్టుకోకుండా లోపలికి జారిపోయింది. ఇలాంటి సామాన్ల మొదలు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, దాన్నే టేపర్ అంటారు; ఎంటీ (మోర్స్ టేపర్) నంబరు దాని సైజు. లేత్‌ది ఎంటీ2 టేపర్, నేను తెప్పించింది ఎంటీ1. వీధి చివర బోరు మోటార్లు రిపేరు చేసే లేత్ షాపులో టర్నరన్నకు చూపిస్తే, "కొలత చూడకుండా ఎట్ల తెప్పిస్తివప్పా?" అన్నాడు. అప్పటినుంచి ఏది కొన్నా ఈ వరుసలోనే చూసుకుంటున్నాను.

ముందు లేత్ నోరు కొలవండి. స్పిండిల్ (హెడ్‌స్టాక్‌లో తిరిగే ఇరుసు) రంధ్రం మొదట్లో వెడల్పు ఎంతుందో వెర్నియర్ కొలత పరికరంతో చూడండి. 12 మి.మీ. దగ్గర ఉంటే ఎంటీ1, 18కి కాస్త తక్కువైతే ఎంటీ2, 24కి కాస్త తక్కువైతే ఎంటీ3. ఎదురు కొసన జరిగే భాగమైన టెయిల్‌స్టాక్‌ను కూడా విడిగా కొలవాలి. ఇనుము కోసే లేత్‌లలో రెండు వైపులా వేర్వేరు నంబర్లు ఉండటం మామూలే.

స్పిండిల్ బయట ఉండే మర వేరే సంగతి. మాండ్రిల్ లోపలి టేపర్‌లో కూర్చుంటుంది, చెక్కను పట్టుకునే చక్ బయటి మర మీద ఎక్కుతుంది. ఆ మర 1 అంగుళం వ్యాసం, అంగుళానికి 8 చుట్లు కావచ్చు, ఎం33 × 3.5 కావచ్చు, ఇంకోటి కావచ్చు. చక్ కొనేటప్పుడు వ్యాసం, చుట్లు రెండూ కలవాలి.

సామాను చేతికొచ్చాక ఒక పరీక్ష చేయండి. టేపర్‌ను పొడిగుడ్డతో తుడిచి, దాని పొడవునా మార్కర్‌తో రెండు మూడు గీతలు గీయండి. స్పిండిల్‌లోకి నెట్టి కొంచెం తిప్పి బయటికి తీయండి. గీత పొడవంతా చెరిగితే బాగా కూర్చున్నట్టు. ఒక్క కొసనే చెరిగితే లోపల దుమ్మన్నా ఉండాలి, టేపర్ అన్నా తేడా ఉండాలి. టేపర్‌కు నూనె మాత్రం పూయకండి, పట్టు జారుతుంది.

ఇక టెయిల్‌స్టాక్ వైపు లైవ్ సెంటర్, అంటే మాండ్రిల్ కొసను ఆనించి దానితో పాటు తిరిగే మొన. మాండ్రిల్ కొసన ఉండే గుంట 60 డిగ్రీలది, కాబట్టి సెంటర్ మొన కూడా 60 డిగ్రీలే ఉండాలి. చెక్క లేత్‌తో పాటు వచ్చే సెంటర్ చాలాసార్లు వేరే కోణంలో ఉంటుంది. అప్పుడది గుంట అంచునో అడుగునో మాత్రమే తాకి ఊగుతుంది. టెయిల్‌స్టాక్ చక్రాన్ని గట్టిగా బిగిస్తే సన్నటి కడ్డీ విల్లులా వంగుతుంది. చెక్క నడిమధ్యకు రాకుండా ఒక పక్కకు జరిగి తయారవుతుంది. చెక్కతో పాటు సెంటర్ తిరిగేంత బిగువు చాలు. కుదిరితే మాండ్రిల్ సేవర్ కొనండి. అది కడ్డీని నొక్కకుండా బుష్‌లనే (చెక్కకు అటూ ఇటూ కడ్డీ మీద ఎక్కించే రింగులు) నొక్కుతుంది.

నా అనుభవంలో అన్నిటికన్నా ఓపిగ్గా చూడాల్సినవి బుష్‌లు. చెక్కను ఎంతవరకు చెక్కాలో చెప్పేది అవే. "7 మి.మీ. పెన్ను" అంటే లోపలి ఇత్తడి గొట్టం కొలత, పెన్ను లావు కాదు. అందుకని ఒక కిట్ (మొన, క్లిప్పు, గొట్టం లాంటి పెన్ను భాగాల సెట్టు) బుష్ ఇంకో కిట్‌కు సరిపోతుందని నమ్మకండి. కిట్‌లోని మొన, క్లిప్పు దగ్గరి కట్టు ఒక్కోదాన్నీ వెర్నియర్‌తో కొలిచి, బుష్‌తో పోల్చండి. మాండ్రిల్ కడ్డీ మీద బుష్ లూజుగా ఆడకూడదు.

సరైన బుష్ దొరక్కపోతే మన ఊళ్లలో ఇంకో దారి ఉంది. బోరు మోటార్ల షాపుల్లో లేత్ ఉంటుంది కదా, అక్కడే చేయించుకోవచ్చు. కడ్డీ లావు, గొట్టం లోపలి కొలత, కిట్ భాగం బయటి కొలత కాగితం మీద రాసివ్వండి. టర్నరన్నను ఒక్క మాట మాత్రం మర్చిపోకుండా అడగండి: రంధ్రం, పైభాగం రెండూ ముక్కను చక్‌లోంచి వదలకుండా ఒకే పట్టులో కోయమని. మళ్లీ పట్టిస్తే రంధ్రం పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

చెక్కకు రంధ్రం వేయడానికి టెయిల్‌స్టాక్ నంబరుకు సరిపోయే డ్రిల్ చక్ (డ్రిల్ బిట్‌ను పట్టుకునేది) కావాలి. కొనేముందు డ్రిల్ చక్, 7 మి.మీ. బిట్, 60 మి.మీ. చెక్క, దాన్ని పట్టుకునే చక్, అన్నీ వరుసగా పెడితే బెడ్ మీద పడతాయో లేదో లెక్కేసుకోండి. డ్రిల్ చక్‌ను హెడ్‌స్టాక్‌లో పెట్టాల్సి వస్తే, వెనకనుంచి డ్రాబార్ (టేపర్‌ను లోపలికి లాగి పట్టే పొడవాటి బోల్టు) బిగించకుండా మిషన్ ఆన్ చేయొద్దు. అదురుకు టేపర్ వదులై చక్ ఎగిరిపడుతుంది.

మొదటి పెన్నుకు వేప ముక్క వాడండి. చెక్కడం అయ్యాక మిషన్ ఆపి, బుష్ మీదనుంచి చెక్క మీదికి గోటితో నెమ్మదిగా గీరుతూ చుట్టూ తిప్పండి. ఒక పక్క గోరు తట్టుకుని ఎదురు పక్క దిగిపోతుంటే చెక్క ఒక పక్కకు జరిగినట్టే. తప్పు ఉలిదనుకుని కొత్తది కొనకండి. టెయిల్‌స్టాక్ బిగువు వదిలి, టేపర్ తుడిచి మళ్లీ చూడండి.