బండలాగుడు లైవ్ గళ్లు పడుతోందా, మధ్యలో ఆగిపోతోందా? వీడియో సైజు, క్వాలిటీ సెట్టింగుల సమస్యలు - పరిష్కారాలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎద్దుల బండలాగుడు పోటీ పెడితే, పక్కనే ఒక ఫోనో కెమెరానో యూట్యూబ్ లైవ్‌లో ఉంటుంది. కువైట్ పోయినవాళ్లు, బెంగళూరులో పనిచేసేవాళ్లు ఊరి జతను చూసేది అందులోనే. వాళ్లకు బొమ్మ సరిగా అందాలంటే ముందు ఒక లెక్క గుర్తుండాలి: 1 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పది లక్షల బిట్ల డేటా) అంటే గంటకు 450 ఎంబీ. ఫైల్ సైజు తేలేది బిట్‌రేట్, నిడివి ఈ రెంటితోనే. 1080పి అని పెట్టినంత మాత్రాన ఫైల్ పెరగదు, 720పి అని పెట్టినంత మాత్రాన తగ్గదు. ఉన్న బిట్లను ఎన్ని పిక్సెళ్లకు పంచాలన్నదే రిజల్యూషన్ చెప్పేది.

దుమ్ము లేవగానే బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతోంది

ఖాళీ బరి చూపిస్తున్నంతసేపు అద్దంలా ఉంటుంది. ఎద్దులు కదిలి దుమ్ము లేవగానే ముక్కలవుతుంది. నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు వీడియో కుదింపు ఎలా జరుగుతుందో చూడండి. వీడియోను కుదించే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నూ కొత్తగా పంపదు. వెనకటి ఫ్రేమ్‌లో ఉన్నదాన్నే కాస్త జరిపి వాడుకుంటుంది, మారిన తేడాను మాత్రం పంపుతుంది. దుమ్ములో ప్రతి రేణువూ తన దారిన తాను పోతుంది, వెనకటి ఫ్రేమ్ దేనికీ పనికిరాదు. వెనక జనం కండువాలు ఊపుతుంటే అదీ అంతే. బిట్లు చాలవు, గళ్లు బయటపడతాయి.

మొదట రిజల్యూషన్ తగ్గించండి. 1080పి ఫ్రేమ్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 720పిలో 9.2 లక్షలు. మీ చేతిలో ఉన్నది 3 ఎంబీపీఎస్ అయితే 720పి, సెకనుకు 30 ఫ్రేములే పెట్టండి. ఆ బిట్‌రేట్‌తో 1080పి పంపితే చూసేవాళ్లకు పేరు మాత్రమే పెద్దది, బొమ్మ చెడిపోయినది అందుతుంది. దుమ్ము బరిలో 1080పి పంపాలంటే కనీసం 6 ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి. 60 ఫ్రేములు ఈ పనికి అక్కర్లేదు.

రెండోది షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం. మిట్టమధ్యాహ్నం ఎండకు ఫోన్ దానంతటదే సెకనులో 1/2000 వంతు వరకు పోతుంది, ఒక్కో రేణువూ సూదిమొనలా పదునుగా పడుతుంది. లెన్స్‌కు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి, ప్రో మోడ్‌లో 1/60 దగ్గర పెడితే దుమ్ము మెత్తగా సాగినట్టు పడి బిట్లు మిగులుతాయి. ఫిల్టర్ లేకుండా షట్టర్ తగ్గిస్తే బొమ్మ తెల్లగా పాలిపోతుంది, ఆ పని చేయవద్దు. ఇక ట్రైపాడ్ తప్పనిసరి. చేత్తో పట్టుకుంటే కదలని నేల కూడా ఎన్‌కోడర్‌కు కదులుతున్నట్టే లెక్క.

పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి బఫరింగ్

పొద్దున స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ చూసి బిట్‌రేట్ 8 పెట్టారు. పాలపళ్ల (చిన్న వయసు ఎద్దుల) విభాగం అయిపోయి ఆరు పళ్ల జతలు దిగే వేళకు జనం చేరారు, అన్ని ఫోన్లూ అదే టవర్‌ను పంచుకుంటున్నాయి. అప్‌లోడ్ 3కి పడింది. చాలామంది డౌన్‌లోడ్ అంకె చూసి ధైర్యపడతారు. లైవ్‌కు దానితో పనే లేదు.

లాప్‌టాప్ నుంచి లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే స్టాట్స్ తెరిచి చూడండి, జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే నెట్‌వర్క్ చాలడం లేదు, బిట్‌రేట్ తగ్గించాలి. ఎన్‌కోడింగ్ లాగ్ వల్ల స్కిప్ అయిన ఫ్రేములు పెరుగుతుంటే లాప్‌టాప్ తట్టుకోలేకపోతోంది. అప్పుడు బిట్‌రేట్ తగ్గించినా లాభం ఉండదు. ఎక్స్264 (ప్రాసెసర్‌తో కుదించే ఎన్‌కోడర్) ప్రీసెట్‌ను వెరీఫాస్ట్ నుంచి సూపర్‌ఫాస్ట్‌కు మార్చండి, గ్రాఫిక్స్ కార్డు ఉంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు మారండి.

బిట్‌రేట్ ఎంచుకునేందుకు, జనం ఉన్న వేళ అరగంటలో నాలుగైదు సార్లు టెస్టు చేసి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అప్‌లోడ్ అంకెలో సగం తీసుకోండి. 5 వస్తే 2.5. ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రద్దీని బట్టి బిట్‌రేట్ దానంతటదే మారే ఆప్షన్ ఉంది, టిక్ పెట్టండి. రేట్ కంట్రోల్ సీబీఆర్ (నిలకడ బిట్‌రేట్), కీఫ్రేమ్ (పూర్తిగా పంపే ఫ్రేమ్) గడువు 2 సెకన్లు. ఫోన్ హాట్‌స్పాట్‌ను వైఫైతో కాకుండా యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలపండి, జనంలో వైఫై కూడా కిక్కిరిసిపోతుంది. ఫోన్‌ను రేకుల షెడ్డు కింద పెట్టకండి. ఇంకో కంపెనీ సిమ్ వేసిన రెండో ఫోన్ సిద్ధంగా ఉంటే మంచిది.

గంట సేపు బాగా నడిచి ఒక్కసారిగా చచ్చిపోయింది

రోజుకు 2 జీబీ ప్యాక్. 4 ఎంబీపీఎస్ లైవ్ గంటకు 1.8 జీబీ తింటుంది, అంటే గంటా ఆరేడు నిమిషాల్లో కోటా ఖాళీ. ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆరు గంటల పోటీకి 2.5 ఎంబీపీఎస్ మీద సుమారు 6.8 జీబీ కావాలి, శబ్దానికీ మిగతావాటికీ కలిపి 8 జీబీ అనుకోండి. డేటా వోచర్ ముందురోజే వేయించుకోండి.

కోటా ఉండి కూడా ఆగిపోతే ఫోన్ పట్టి చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో కాలిపోతుంటుంది. వేడెక్కిన ఫోన్ ముందు స్క్రీన్ మసకబారుస్తుంది, తర్వాత ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, చివరికి కెమెరానే మూసేస్తుంది. గొడుగు నీడ, కవర్ తీసేయడం, బ్రైట్‌నెస్ తగ్గించడం, ఫాస్ట్ చార్జర్ బదులు మామూలు పవర్‌బ్యాంక్. ఐస్ ముక్కలు మాత్రం పెట్టకండి, లోపల తేమ చేరుతుంది.

రాత్రి కార్యక్రమంలో నల్లటి చోట్ల చీమలు పాకినట్టు

విజయదశమి రాత్రి దేవరగట్టు కాగడాల వెలుగైనా, ఒంటిమిట్ట కల్యాణం నాటి వీధులైనా ఇదే కథ. వెలుతురు చాలక కెమెరా ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచుతుంది, చీమల్లాంటి చుక్కలు (నాయిజ్) పుడతాయి. ఎన్‌కోడర్ ఆ చుక్కలను కూడా బొమ్మే అనుకుని వాటికి బిట్లు ఖర్చు పెడుతుంది, మనుషుల ముఖాలకు మిగలవు. ఐఎస్‌ఓకు 1600 దగ్గర హద్దు పెట్టండి. జూమ్ మాని దగ్గరికి వెళ్లండి. రికార్డు చేసిన ఫైల్ అయితే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో, చుక్కలు తుడిచే ఎన్‌ఎల్‌మీన్స్ డీనాయిజ్‌ను లైట్‌లో పెట్టి కుదించండి. అదే ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) మీద ఫైల్ కూడా చెప్పుకోదగ్గంత చిన్నదవుతుంది.

పందిట్లో ట్యూబ్‌లైట్ల కింద చారలు పాకుతుంటే అది వేరే జబ్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే పోతుంది.

ఎద్దుల కాళ్ల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు

పాత పెళ్లి కెమెరా 50ఐలో, అంటే ఒక్కో ఫ్రేమ్‌ను గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీసింది. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ యాడిఫ్ ఎంచుకుని బాబ్ పెట్టండి, 50 ఫ్రేముల నున్నటి కదలిక వస్తుంది.

చెక్కభజన వీడియోలో చెక్కల మోత వెనకబడుతోంది

మొదట్లో కుదురుగా ఉండి, ఇరవై నిమిషాలయ్యేసరికి అడుగు పడ్డాక మోత వినిపిస్తుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్‌రేట్‌ను కాస్త అటూఇటూ మారుస్తుంటాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సరిగ్గా 30 అనుకుంటుంది. ఎడిట్ మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్రేక్‌లో 30, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని ఫైల్ మార్చుకోండి. ఎడిట్ అయ్యాక మారిస్తే ఫలితం ఉండదు.

ఫైల్ మరీ పెద్దదైంది, లేదా పంపితే పాడైంది

యూట్యూబ్‌కు ఎక్కించే 1080పి, 30 ఫ్రేముల ఫైల్‌కు 8 ఎంబీపీఎస్, 720పికి 5 సరిపోతుంది. యూట్యూబ్ దాన్ని ఎలాగూ మళ్లీ కుదిస్తుంది, కాబట్టి ఇక్కడ మరీ పిసినారితనం వద్దు. హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264 కుదింపు, ఆర్‌ఎఫ్ 20 నుంచి 22. ఆర్‌ఎఫ్ నాణ్యతను నిలబెడుతుంది, సైజుకు హామీ ఇవ్వదు. దుమ్ము ఎక్కువున్న గంట, వేదిక మీద ప్రసంగం నడిచిన గంట ఒకే ఆర్‌ఎఫ్‌తో ఎంతో తేడాగా వస్తాయి. ఎక్కించిన వెంటనే మసకగా కనిపిస్తే డిలీట్ చేయకండి. ముందు తక్కువ రిజల్యూషన్ తయారవుతుంది, హెచ్‌డీ తర్వాత వస్తుంది.

సైజు కచ్చితంగా కావాలంటే సగటు బిట్‌రేట్, మల్టీపాస్ (వీడియోను ఒకటికి రెండుసార్లు చదివి కుదించడం) వాడాలి. గంట వీడియోను వాట్సాప్‌లో 2 జీబీ హద్దు లోపల పంపాలనుకోండి. వీడియోకు 4 ఎంబీపీఎస్, శబ్దానికి 160 కేబీపీఎస్ పెడితే దాదాపు 1,870 ఎంబీ వస్తుంది. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి. గ్యాలరీ నుంచి వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది, అక్కడ పోయిన వివరం ఏ సెట్టింగుతోనూ తిరిగిరాదు. ఊళ్లోవాళ్లు తీసిన క్లిప్పులు అడిగేటప్పుడు కూడా డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి.

పంపిన ఫైల్ అవతల శబ్దం మాత్రమే వినిపించి బొమ్మ నల్లగా ఉంటే అది ఎక్కువగా హెచ్.265 కుదింపు, అవతలి ఫోన్ దాన్ని చదవలేకపోతోంది. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హై ఎఫిషియెన్సీ ఆపేయండి, ఇప్పటికే తీసినదాన్ని హెచ్.264కు మార్చి పంపండి. సొంత వెబ్‌సైట్‌లో పెట్టిన ఎంపీ4 మొత్తం దిగితే గానీ మొదలవకపోతే, ఫైల్ విషయసూచిక చివర్లో ఉండిపోయిందని అర్థం. హ్యాండ్‌బ్రేక్‌లో వెబ్ ఆప్టిమైజ్డ్ టిక్ పెట్టి మళ్లీ తీయండి, సూచిక ముందుకొస్తుంది, ప్లే నొక్కగానే మొదలవుతుంది.