హలాల్, హరామ్ అని చెప్పే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఫలానా పదార్థం తినవచ్చా అని ఎవరైనా అడిగినప్పుడు ఖుర్ఆన్‌లోని ఒక్క ఆయత్ (వాక్యం) చూసుకొని జవాబు చెప్పేయడం ప్రమాదకరం. హరామ్‌ను (నిషిద్ధాన్ని) హలాల్ (ధర్మసమ్మతం) అనడం ఎంత దోషమో హలాల్‌ను హరామ్ అనడమూ అంతే దోషం. నోటికి వచ్చినట్లు ‘ఇది హలాల్, ఇది హరామ్’ అంటూ అల్లాహ్‌కు అబద్ధాలు అంటగట్టవద్దని అన్ నహ్ల్ సూరా (ఖుర్ఆన్ అధ్యాయం) 116వ ఆయత్ హెచ్చరిస్తోంది. హలాల్‌ను హరామ్ అనే ఈ రెండో తప్పును భక్తి అనుకొనేవారే ఎక్కువ.

ఒకే విషయంపై ఉన్న ఆయత్‌లన్నిటినీ కలిపి చదవాలి. అల్ బఖర 173లో చచ్చిన జంతువు, రక్తం, పందిమాంసం, అల్లాహ్‌కు గాక ఇతరుల పేరిట కోసినది నిషిద్ధమని ఉంది. అక్కడితో ఆగితే మాంసానికి అంటుకొని మిగిలిన నెత్తుటి చెమ్మ కూడా హరామే అనిపిస్తుంది. కానీ అల్ అన్ఆమ్ 145 నిషేధించింది ప్రవహించిన రక్తాన్ని. అల్ మాయిదా 3 ఊపిరాడకో, దెబ్బ తగిలో, పైనుంచి పడో, కొమ్ముపోటుకో చచ్చినవాటిని, క్రూరమృగం తిన్నదాన్ని చేర్చి, ప్రాణం ఉండగానే జిబహ్ (అల్లాహ్ పేరిట గొంతు కోయడం) చేసినదాన్ని మినహాయిస్తుంది. గత్యంతరం లేనివాడు హద్దు మీరకుండా తింటే పాపం లేదన్న మినహాయింపును కూడా వదలకుండా చెప్పాలి.

కోరలతో వేటాడే మృగాలు, గోళ్లతో వేటాడే పక్షులు, పెంపుడు గాడిదల నిషేధం హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల్లో) ఉంది. అయితే ప్రవక్త (స) తినలేదన్నంత మాత్రాన అది నిషేధం కాదు. ఎడారి బల్లి మాంసాన్ని కాల్చి ముందు పెట్టగా ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. హరామా అని ఆయన సహచరుడు ఖాలిద్ బిన్ వలీద్ అడిగితే, కాదని, తమవారి ప్రాంతంలో లేనిది గనుక మనసొప్పడం లేదని అన్నారు. ఆయన చూస్తుండగానే ఖాలిద్ దాన్ని తిన్నారు.

మజహబ్‌ల (ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల) మధ్య ఉన్న తేడాను దాచకూడదు. హనఫీ మజహబ్‌వారు జలచరాల్లో చేపలనే అనుమతిస్తారు, రొయ్య చేప కిందికి వస్తుందా అన్నదానిపై వారిలోనే భిన్నాభిప్రాయం ఉంది. షాఫయీలు, మాలికీలు ఇంకా విస్తృతంగా అనుమతిస్తారు. కాబట్టి అడిగినవారు ఏ మజహబ్‌ను అనుసరిస్తారో ముందు తెలుసుకోవాలి.

జెలటిన్ వంటివాటి విషయంలో, అది ఏ జంతువు నుంచి తీసినదో, ఆ జంతువును జిబహ్ చేశారో లేదో, తయారీలో మూలపదార్థం పూర్తిగా మారిపోయిందో లేదో విచారించి, ఆ వివరాలతోనే ముఫ్తీని (ధర్మతీర్పు చెప్పే పండితుణ్ణి) అడగాలి.