సైకాలజీ ల్యాబ్‌లో చేరాలంటే: మొదటి ఈమెయిల్ నుంచి మొదటి డేటా ఫైల్ దాకా

సైకాలజీ ల్యాబ్ అనగానే చాలామందికి కౌన్సెలింగ్ గది గుర్తొస్తుంది. యూనివర్సిటీ రీసెర్చ్ ల్యాబ్‌లో జరిగే పని వేరు. మనుషులు దేన్ని గమనిస్తారు, ఎంత గుర్తుంచుకుంటారు, ఎలా నిర్ణయించుకుంటారు అనేది అక్కడ కొలుస్తారు. క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునేవాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు ఎలాగూ తప్పదు, ల్యాబ్ అనుభవం దానికి బదులు రాదు. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం డిగ్రీలోనో పీజీలోనో ఉండగానే ల్యాబ్‌లో అడుగుపెట్టడం మంచిది. ఈ పని మీకు నచ్చుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, హెల్త్ సైకాలజీ సెంటర్ ఉన్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. ఉస్మానియాలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో సైకాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బయటికి వెళ్లగలిగితే బెంగళూరు నిమ్‌హాన్స్, ఐఐటీ గాంధీనగర్, అలహాబాద్ యూనివర్సిటీలోని బిహేవియరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ చూడండి. అయితే సంస్థ పేరు చూసి ఎంచుకోవద్దు, ప్రొఫెసర్ పని చూసి ఎంచుకోండి. గత మూడేళ్లలో ఆ ల్యాబ్ నుంచి ఏం పేపర్లు వచ్చాయి, వాటిలో విద్యార్థుల పేర్లు ఉన్నాయా అన్నది గూగుల్ స్కాలర్‌లో అరగంటలో తెలుస్తుంది. విద్యార్థుల పేర్లు ఎక్కడా కనబడని ల్యాబ్‌లో మీకు నేర్పే తీరిక ఎవరికీ ఉండకపోవచ్చు.

ఈమెయిల్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఒకే ఉత్తరం యాభై మందికి పంపితే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. ఐదారుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరి పేపరు ఒకటి పూర్తిగా చదివి, విడివిడిగా రాయండి. మే, జూన్ సెలవుల్లో పని చేయాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే రాయాలి. ఉత్తరం 150 పదాలు దాటకూడదు. మీరెవరు, ఏం చదువుతున్నారు, ఏ పేపరు చదివారు, అందులో ఏ ప్రశ్న మీ బుర్రలో మిగిలిపోయింది, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నెలలు రాగలరు, ఇవి చాలు. 'చిన్నప్పటి నుంచీ మనసు అంటే ఆసక్తి' అని అందరూ రాస్తారు, దాంతో మీ గురించి ఏమీ తెలియదు. 'మంగళ, గురువారాల్లో మధ్యాహ్నాలు ఖాళీ, ఆరు నెలలు రాగలను, తెలుగు, ఉర్దూ ధారాళంగా మాట్లాడతాను' అని రాస్తే ప్రొఫెసర్‌కి వెంటనే ఒక పని గుర్తొస్తుంది. స్థానిక భాషలో ప్రయోగం నడపగలగడం ఇక్కడి ల్యాబ్‌లకు నిజంగా అవసరం, దాన్ని తక్కువ చేసుకోకండి. ఒక పేజీ సీవీని పీడీఎఫ్‌గా జతచేయండి. పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే ఆ ల్యాబ్‌లోని పీహెచ్‌డీ స్కాలర్‌కి రాయండి. రోజువారీ పని నేర్పేది ఎక్కువగా వాళ్లే.

ఇంటర్వ్యూలో మీరు చదివానన్న పేపరు గురించే అడుగుతారు. ఏం మార్చారు, ఏం కొలిచారు, ఎంతమంది పాల్గొన్నారు, ఈ మూడూ సొంత మాటల్లో చెప్పగలిగితే సరిపోతుంది. మీరు కూడా అడగాల్సినవి ఉన్నాయి: నా పని ఎవరు చూస్తారు? స్టైపెండ్ ఉందా? పేపర్లో పేరు రావాలంటే ఏ స్థాయి పని చేయాలి? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. మొదట్లోనే అడిగితే తర్వాత మనస్పర్థలు రావు.

చేరేలోపు పైథాన్ మొత్తం నేర్చేసుకోవాలని కంగారుపడక్కర్లేదు. ప్రయోగాలు తయారుచేసే సైకోపై, గణాంకాలకు జాస్ప్, ఆర్ అన్నీ ఉచితమే. వీటిలో ఒకదాంతో చిన్న పని చేసి చూపించండి. ఎంతమంది పాల్గొనాలో లెక్కగట్టే జీపవర్ కూడా ఉచితమే. మధ్యస్థాయి తేడాను, అంటే కోహెన్ డి (సగటుల తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) 0.5ను, రెండు గుంపుల మధ్య 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే అది బయటపడే అవకాశం 80 శాతం ఉండేలా) పట్టుకోవాలంటే గుంపుకి 64 మంది, మొత్తం 128 మంది కావాలని అది చూపిస్తుంది. తరగతిలోని 30 మందితో సర్వే చేసి 'తేడా లేదు' అనేయడం ఎందుకు తప్పో అప్పుడు అర్థమవుతుంది.

మొదటి వారాలు ఎథిక్స్‌తో, అంటే పాల్గొనేవాళ్ల హక్కులను కాపాడే నియమాలతో, గడుస్తాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్కరి దగ్గరా డేటా తీసుకోకూడదు, స్నేహితుల దగ్గర కూడా. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్లవాళ్ల దగ్గర నోటిమాటగా, ఆపై 18 లోపువాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. సమ్మతి పత్రంలో 'మీ భాగస్వామ్యం సంపూర్ణంగా ఐచ్ఛికం' అని ఉంటే సంతకం పెట్టేవాళ్లలో ఎందరికి అర్థమవుతుంది? 'మీకు ఇష్టమైతేనే పాల్గొనండి, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు' అని ఉండాలి. కాకపోతే అనుమతి పొందిన పత్రంలో ఒక్క మాట మార్చినా మళ్లీ కమిటీకి పంపాల్సిందే. అందుకే ఈ మార్పులు ముందే చెప్పండి.

ప్రశ్నావళి అనువాదమూ ఇలాంటిదే. ఒకరు తెలుగులోకి మారుస్తారు, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండూ పోల్చి చూస్తారు. ఆందోళన, కంగారు, గుబులు, దిగులు ఒకటి కావు. ఒక జిల్లాలో వాడే మాట ఇంకో జిల్లాలో వేరే అర్థమివ్వొచ్చు. ఖరారు చేసేముందు నాలుగు చోట్ల మనుషులకు చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి.

ఇక ప్రయోగం నడపడం. తెలుగులో స్ట్రూప్ పరీక్షనే తీసుకుందాం. 'ఎరుపు' అనే మాట నీలం అక్షరాల్లో కనిపిస్తుంది, చదవకుండా అక్షరాల రంగుకు తగిన బటన్ నొక్కాలి. ఇక్కడ మొదటి చిక్కు మాటల నిడివి. ఎరుపు, నీలం, పసుపు పొట్టివి, 'ఆకుపచ్చ' పొడుగు. నిడివి తేడా ఫలితంలో కలిసిపోకుండా ఏ మాటలు వాడాలో ముందే తేల్చుకోవాలి. రెండోది, కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి 'పచ్చ'లోని చ-వత్తు పక్కకు జారిపోతుంది. మాటను బొమ్మగా సేవ్ చేసి వాడితే ఈ గొడవ ఉండదు. మూడోది తెర. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది కాబట్టి మాటను మూడు మార్పులకు సరిపడా 50 మిల్లీసెకన్లు చూపించగలం, 40 చూపించలేం.

మనుషులతో మాట్లాడే తీరు కూడా డేటాను మార్చేస్తుంది. మధ్యలో 'కరెక్ట్‌గానే చేస్తున్నానా అక్కా?' అని అడుగుతారు. ఒకరికి 'చాలా బాగా చేస్తున్నారు' అని, ఇంకొకరికి ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఇద్దరూ ఒకే ప్రయోగం చేసినట్టు కాదు. 'ఇప్పటిలాగే కొనసాగించండి' అని అందరికీ ఒకే మాట, ఒకే గొంతుతో. సూచనలు కాగితం చూసే చదవండి, నోటికి వచ్చేసినా సరే. ఫ్యాను ఆగిపోయినా, ఫోను మోగినా, మనిషి పోయి వచ్చినా టైముతో సహా లాగ్‌బుక్‌లో రాయండి.

పీహెచ్‌క్యూ-9 లాంటి, డిప్రెషన్ కొలిచే ప్రశ్నావళి ఇస్తుంటే అందులో తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా జవాబు వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మొదటి మనిషి రాకముందే రాసిపెట్టి ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గదిలో అంటించండి. కాగితాలు తర్వాత చూద్దాంలే అని కట్టకట్టి పక్కన పెట్టకండి, ఆ మనిషి గది దాటకముందే ఆ జవాబు చూడాలి.

డేటా ఫైల్లో పేర్లు ఉండకూడదు, పీ001, పీ002 అని కోడ్‌లే. పేర్లకూ కోడ్‌లకూ ఉన్న జాబితా వేరే చోట తాళంలో ఉండాలి. అసలు ఫైల్ ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయండి. ఎక్సెల్‌లో '3-5' అని కొడితే తేదీగా మారిపోతుంది. 1 నుంచి 5 స్కేలులో తిరగేసి లెక్కించాల్సిన ప్రశ్నలకు (మిగతావాటికి వ్యతిరేక అర్థంలో అడిగినవాటికి) 6లోంచి జవాబు తీసేయాలి. ఇది మర్చిపోతే మొత్తం స్కోరు పాడవుతుంది, పైకి తెలియదు కూడా. పొరపాటు జరిగితే అదే రోజు చెప్పండి. ఆ రోజు చెబితే ఒకరి డేటా పోతుంది, నెల తర్వాత బయటపడితే అందరిదీ అనుమానమే. ఖాళీగా మిగిలిన జవాబుని ఊహించి నింపడం మాత్రం పొరపాటు లెక్కలోకి రాదు, అది మోసం.

వెళ్లిపోయేటప్పుడు ప్రతి కాలమ్ అర్థం, ప్రతి కోడ్ అర్థం ఒక ఫైల్లో రాసి అప్పగించండి. రికమండేషన్ లెటర్ గడువుకి కనీసం నాలుగు వారాల ముందు అడగండి. ఎంతమందికి ప్రయోగం నడిపారు, ఏ ఫైళ్లు సరిచేశారు, ఏ అనువాదం చేశారు అన్న జాబితా దాంతోపాటే పంపండి.