లైనక్స్ బూట్ కాలేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

"లైనక్స్ పోయింది" అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే: తెర మీద చివరగా ఏం కనిపించింది? కంపెనీ లోగో దగ్గరే నిలిచిపోయిందా? గ్రబ్ మెనూ (ఏ ఓఎస్ లేపాలో ఎంచుకునే తెర) వచ్చిందా? మెనూలో ఎంటర్ కొట్టాక నల్లబడిందా? పాస్‌వర్డ్ కొట్టాక మళ్ళీ లాగిన్‌కే వచ్చిందా? ఒక్కోదానికీ కారణం వేరు, మందు వేరు. చాలామంది ఇది చెప్పకుండా "ఫార్మాట్ కొట్టేయనా?" అంటారు. కొట్టేస్తే సమస్యతో పాటు దాని ఆనవాళ్ళు కూడా చెరిగిపోతాయి. వచ్చే అప్‌గ్రేడ్‌లో అదే మళ్ళీ ఎదురొస్తుంది.

నేను ఎక్కువగా చూసేది డెబియన్, ఉబుంటు యంత్రాలు, కాబట్టి కమాండ్లు వాటివే. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగితే

ఐఎస్‌ఓ ఫైల్‌ని (డౌన్‌లోడ్ చేసిన లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైల్) పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే అది బూట్ కాదు. రూఫస్, బలేనా ఎచర్ లాంటి దానితో రాయాలి. వెంటాయ్ ముందే వేసిన పెన్‌డ్రైవ్ అయితే మాత్రం ఫైల్ కాపీ చేస్తే చాలు. రాసే ముందు షా256సమ్ కమాండ్‌తో ఫైల్ చెక్‌సమ్ (ఫైల్ చెక్కుచెదరలేదని తేల్చే గుర్తు) తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చండి. సగంలో తెగిన డౌన్‌లోడ్ కూడా ఒక్కోసారి చక్కగా బూట్ అయి, ఇన్‌స్టాల్ మధ్యలో "స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్" అని ఆగుతుంది. అది చూసి హార్డ్‌డిస్క్ పాడైందని కంగారు పడేవాళ్ళున్నారు. చెక్‌సమ్ సరిగ్గా ఉన్నా ఆగుతుంటే పోర్టు మార్చండి, ఆపైన పెన్‌డ్రైవ్ మార్చండి.

బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, రెండోది పాత బయోస్ పద్ధతి. విండోస్ ఏ పద్ధతిలో ఉందో లైనక్స్ కూడా అదే పద్ధతిలో వేయాలి. విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 నడిపితే "బయోస్ మోడ్" అనే వరుసలో అది రాసి ఉంటుంది. లైవ్ లైనక్స్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉంటే మీరు యూఈఎఫ్‌ఐలో ఉన్నట్టు. రెండూ కలగాపులగం అయితే ఇన్‌స్టాల్ చివర్లో గ్రబ్ దగ్గర ఎర్రర్ వస్తుంది, లేదా ఇన్‌స్టాల్ అంతా బాగా జరిగి తర్వాత నేరుగా విండోస్ వచ్చేస్తుంది. ఇంకో జాగ్రత్త: ఫ్యాట్32లో ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని విండోస్, లైనక్స్ పంచుకోగలవు. దానికి ఫార్మాట్ టిక్కు పెట్టకండి. పెడితే విండోస్ బూట్‌లోడర్ పోతుంది.

ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడకపోతే

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ బయోస్‌లోని ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే సెట్టింగ్ వెనక దాక్కుని ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మారిస్తే ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనిపిస్తుంది. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ నీలితెరతో కూలుతుంది. అందుకే ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ పెట్టి రీస్టార్ట్ చేయండి, అప్పుడు బయోస్‌లో మార్చండి, విండోస్‌ని ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపండి, తర్వాత ఆ సేఫ్ బూట్ తీసేయండి. ఈ పని మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారగానే అది 48 అంకెల కీ అడుగుతుంది. కీ లేకపోతే ఆ డేటా మీది కాదు.

పనిలో పనిగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ పార్టిషన్‌ని లైనక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

గ్రబ్ తర్వాత తెర నల్లబడితే

గ్రబ్ మెనూ వచ్చిందంటే డిస్కూ బూట్‌లోడరూ బాగున్నట్టే. ఆ తర్వాత నల్లబడితే, ముఖ్యంగా ఎన్‌విడియా కార్డు ఉంటే, ముందుగా అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌నే. మెనూలో మీ ఎంట్రీ మీద ఉండి "ఈ" నొక్కండి. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర, "క్వయట్ స్ప్లాష్" తర్వాత, ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర మోటుగా వచ్చినా వస్తుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. లోపలికి వెళ్ళాక సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ నడిపితే సరైన డ్రైవర్ దిగుతుంది. నోమోడ్‌సెట్‌ని శాశ్వతంగా పెట్టేసుకుని "లైనక్స్ స్లో" అనేవాళ్ళతో నేను వాదించడం మానేశాను.

సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలిరంగు తెర మీద "ఎన్‌రోల్ ఎంఓకే" వస్తుంది. అదేదో వైరస్ అనుకుని చాలామంది ముందుకు దాటేస్తారు. దాటేస్తే డ్రైవర్ ఉన్నా కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) దాన్ని ఒప్పుకోదు, "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటుంది. ఎన్‌రోల్ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వండి.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, నెట్ వస్తుంది, కావాల్సిన ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ లాంటివి పనిచేయడానికి కావాల్సిన ఫైళ్ళు) దించుకోవచ్చు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తో పాటే వస్తోంది కాబట్టి ఈ బాధ తగ్గింది. గ్రబ్ మెనూలో విండోస్ లేకపోతే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్ విలువని ఫాల్స్ చేసి (ఇవి మాత్రం ఫైల్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటాయి, విలువ చిన్న అక్షరాల్లో) సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లని వెతకడం దానంతట అది చేయదు. విండోస్‌లోకి వెళ్ళొచ్చినప్పుడల్లా గడియారం మారుతుంటే, యంత్రం లోపలి గడియారంలో లైనక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ స్థానిక సమయం రాస్తుంది, అంతే తేడా. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అంటే సర్దుకుంటుంది.

అప్‌గ్రేడ్‌కి ముందు

మెట్లు దాటేయకూడదు. డెబియన్ 11 నుంచి 13కి నేరుగా వెళ్ళకూడదు, మధ్యలో 12 మీద ఆగాలి. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే విడుదల) అయితే 22.04 నుంచి 24.04, అక్కడి నుంచి ఆ పైది. కొత్త ఎల్‌టీఎస్ విడుదలైన రోజే మీకు అప్‌గ్రేడ్ కబురు రాలేదని కంగారు వద్దు, మొదటి పాయింట్ విడుదల (దిద్దుబాట్లు కలిపి మళ్ళీ ఇచ్చేది) దాకా ఆపి ఉంచుతారు. 24.04కి అది 2024 ఆగస్టులో వచ్చింది.

డేటా కాపీ తీయండి, లైవ్ పెన్‌డ్రైవ్ పక్కన పెట్టుకోండి. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టి ఏ ప్యాకేజీలైనా కట్టేసి ఉన్నాయేమో చూడండి. బయటి రిపాజిటరీలు ఏవేవి కలిపారో రాసుకుని వాటిని ఆపేయండి. "హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అని వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం వాటి నుంచే వస్తాయి. దూరంగా ఉన్న సర్వర్‌ని ఎస్‌ఎస్‌హెచ్ (నెట్ మీదుగా కమాండ్లు కొట్టే దారి) మీద అప్‌గ్రేడ్ చేస్తుంటే టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల నడపండి, నెట్ తెగినా పని ఆగదు. ఉబుంటు అప్‌గ్రేడ్ టూల్ ఇలాంటప్పుడు 1022 పోర్టులో ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ తెరుస్తుంది, ఫైర్‌వాల్‌లో దానికీ దారి ఇవ్వండి.

/బూట్ నిండిపోతే

నా లెక్కలో అన్నిటికన్నా మోసకారి ఇదే. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి వేసినప్పుడు /బూట్ విడిగా చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. ప్రతి కొత్త కెర్నెల్‌తో ఒక కెర్నెల్ ఫైలు, దానికో ఇనిట్‌ఆర్‌డీ ఫైలు (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునేది) అందులో చేరతాయి. ఇనిట్‌ఆర్‌డీ ఒక్కటే వంద ఎంబీ దాటొచ్చు. పాతవి పోకుండా పేరుకుంటే ఒకరోజు అప్‌డేట్ మధ్యలో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటుంది. మీరేమో డీఎఫ్ -హెచ్‌లో (డిస్క్ ఖాళీ చూపే కమాండ్) ప్రధాన డిస్క్ మాత్రమే చూసి, బోలెడు ఖాళీ ఉంది కదా అనుకుంటారు. కొత్త కెర్నెల్ వచ్చింది, దాని ఇనిట్‌ఆర్‌డీ మాత్రం తయారు కాలేదు. అది తెలియక రీస్టార్ట్ చేస్తే "కెర్నెల్ పానిక్, అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్" అని ఆగిపోతుంది. ఇక్కడే ఫార్మాట్ ఆలోచన వస్తుంది. డేటాకి మాత్రం ఏమీ కాలేదు.

రీస్టార్ట్ చేయండి, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచుకోండి. లోపలికి వచ్చాక యూనేమ్ -ఆర్ కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో తెలుస్తుంది. దాన్ని ముట్టుకోకండి. తర్వాత:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్

చాలాసార్లు ఇక్కడితో తీరిపోతుంది. కానీ సగంలో ఆగిన ప్యాకేజీ వల్ల ఆప్ట్ ఈ పని కూడా చేయనంటే, /బూట్‌లో బాగా పాత కెర్నెల్ ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ ఒకటి తీసి హోమ్ ఫోల్డర్‌లో పెట్టండి. కాస్త చోటు దొరికాక వరుసగా ఇవి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

ఆపైన మళ్ళీ ఆటోరిమూవ్. కొత్త కెర్నెల్‌కి ఇనిట్‌ఆర్‌డీ వచ్చిందో లేదో /బూట్‌లో కళ్ళతో చూసుకున్నాకే రీస్టార్ట్ చేయండి. మధ్యలో కరెంటు పోయి అప్‌గ్రేడ్ ఆగినా ఈ రెండు కమాండ్లే, చివర సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్.

మధ్యలో వచ్చే ప్రశ్నలు, తాళాలు

"కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తే వేరే ప్రోగ్రామ్ ఏదో ఆప్ట్‌ని వాడుతోందని అర్థం. ఎక్కువగా వెనకాల నడిచే ఆటోమేటిక్ అప్‌డేటే. లాక్ ఫైల్ డిలీట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ తాళం ఉన్నది ఇద్దరు ఒకేసారి డేటాబేస్‌లో రాయకుండా ఉండటానికి. కాసేపు ఆగండి. ఎంతకీ వదలకపోతే ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో పీఎస్ కమాండ్‌లో చూడండి.

"కాన్ఫిగరేషన్ ఫైల్ మారింది, ఏం చేయను?" అని అడిగినప్పుడు ఎంటర్ కొడితే మీ పాతది ఉంటుంది. "డీ" నొక్కితే తేడా చూపిస్తుంది. మీరెప్పుడూ చేయి పెట్టని ఫైల్ అయితే కొత్తది తీసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్ అయితే పాతదే ఉంచండి, కొత్తది పక్కనే .యూసీఎఫ్-డిస్ట్ లేదా .డీపీకేజీ-డిస్ట్ పేరుతో ఉంటుంది, తీరిగ్గా కలుపుకోవచ్చు.

ఆప్ట్ అప్‌డేట్‌లో అన్నిటికీ 404 వస్తుంటే నెట్‌ని తిట్టకండి. మీ విడుదలకి కాలం చెల్లి ఫైళ్ళు పాత సర్వర్‌కి తరలిపోయి ఉంటాయి. ఆర్చ్ లైనక్స్ వాడేవాళ్ళకి సిగ్నేచర్ ఎర్రర్లు వస్తే ముందు ఆర్చ్‌లైనక్స్-కీరింగ్ ప్యాకేజీ తాజా చేసుకుని, వెంటనే మొత్తం అప్‌డేట్ చేయాలి. అక్కడ సగం అప్‌డేట్‌కి ఎవరూ బాధ్యత వహించరు.

అప్‌గ్రేడ్ అయ్యాక లేవకపోతే

"ఎమర్జెన్సీ మోడ్" అని వచ్చిందా? దానికి ముందు ఏదో డిస్క్ కోసం నిమిషంన్నర ఎదురుచూసిందా? అయితే /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో తెరవాల్సిన డిస్కుల జాబితా) ఇప్పుడు లేని డిస్క్ ఏదో ఉంది. రూట్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చి, ఆ వరుస ముందు # పెట్టండి. ఎప్పుడో తగిలించే డిస్క్ అయితే ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి.

"గ్రబ్ రెస్క్యూ" అని మాత్రమే వస్తే, లేదా గ్రబ్ అసలే రాకపోతే, లైవ్ పెన్‌డ్రైవ్ తీయండి. యూఈఎఫ్‌ఐ యంత్రమైతే దాన్నీ యూఈఎఫ్‌ఐలోనే బూట్ చేయాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి మీ పార్టిషన్లు గుర్తించండి. రూట్ రెండోది, ఈఎఫ్‌ఐ మొదటిది అనుకుంటే:

సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ

/బూట్ విడిగా ఉంటే ఈ రెంటికీ మధ్యలో దాన్ని మౌంట్ చేయాలి. తర్వాత డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ మౌంట్ --ఆర్‌బైండ్‌తో /ఎంఎన్‌టీ కిందకి తేవాలి. వట్టి బైండ్ పెడితే ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ లోపలికి రావు, గ్రబ్ తన పేరు ఫర్మ్‌వేర్‌లో రాసుకోలేదు. ఇక సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ (మీ సిస్టమ్ లోపలికి వెళ్ళే కమాండ్), లోపల గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఎమ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్, అప్‌డేట్-గ్రబ్. పాత బయోస్ యంత్రమైతే ఈఎఫ్‌ఐ మౌంట్ ఉండదు, గ్రబ్-ఇన్‌స్టాల్‌కి డిస్క్ పేరు ఇవ్వాలి, పార్టిషన్ పేరు కాదు.

సిస్టమ్ లేచింది గానీ ఏదో తేడాగా ఉందంటే జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఎర్ర్ అనండి. ఇప్పటి బూట్‌లో వచ్చిన ఎర్రర్లు చూపిస్తుంది. పైనుంచి చదవండి. మొదటి ఎర్రర్‌లోనే సాధారణంగా అసలు కారణం ఉంటుంది, కింద ఉన్నవి దాని తాలూకు గోల.

డీఎంఈఎస్‌జీలో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) మాటిమాటికీ "ఐ/ఓ ఎర్రర్" కనిపిస్తుంటే మాత్రం పైన చెప్పినవన్నీ పక్కన పెట్టండి. సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ, దాని తర్వాత డిస్క్ పేరు కొట్టి డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు పెరుగుతుంటే ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ రిపేర్ చేసే కమాండ్) కూడా నడపకండి, చావబోయే డిస్క్ మీద రాతలు పెరిగితే మిగిలిందీ పోతుంది. డీడీరెస్క్యూతో ముందు మొత్తాన్ని ఇంకో డిస్క్‌కి తీసుకోండి, రిపేర్లేవైనా ఆ కాపీ మీదే చేయండి.