సెమిస్టర్ పరీక్షలకు ముందు: దివ్యాంగ విద్యార్థుల కోసం కాలేజీలు చూసుకోవాల్సినవి

ముందు స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) కాగితాలు. చూపు లేనివారికి, రెండు చేతులకూ వైకల్యం ఉన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి అడిగితే స్క్రైబ్‌ను ఇవ్వాల్సిందే. మిగతావారికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఒక్కటే చాలదు. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్ లాంటి అధికారి ఇచ్చిన పత్రం కావాలి. అది లేకే చాలామంది హాలు గుమ్మం దగ్గర ఆగిపోతారు.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు మరో గంట. స్క్రైబ్‌కు అర్హులై వద్దనుకున్నవారికీ ఇంతే. ఇన్విజిలేటర్‌కు రాసివ్వండి, నోటిమాట నిలవదు.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన నోట్సును స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) చదవలేదు. యూనికోడ్‌లోకి మార్చండి. స్కాన్ పీడీఎఫ్ కూడా దానికి ఉత్త బొమ్మే.

గది కింది అంతస్తులో. టాయిలెట్ తలుపులో వీల్‌చైర్ పడుతుందో కొలవండి.