గంగమ్మ జాతర వేషాలు: రెప్ప మీదికి రానివ్వకూడని రంగులు

పోయిన వారం తిరుపతి మేకప్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరిగింది. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి కట్టే వేషం ఎట్లుంటుందో ముందే చూసుకుందామని ఒక పిల్లాడు అంగట్లో కొన్న కుంకుమను కొబ్బరినూనెలో కలిపి రెండు రెప్పలకూ పట్టించాడు. పొద్దునకల్లా రెప్పలు ఉబ్బి, కంటి చుట్టూ చర్మం కమిలి, కళ్లు సన్నటి గీతల్లా మిగిలాయి. ఫొటో కింద ‘మొక్కులో ఏదో లోపం జరిగింది’ అని కొందరు రాశారు. అమ్మవారికీ దీనికీ సంబంధం లేదు. కంటి కోసం చేయని రంగును కంటి మీద పెట్టారు. జరిగింది అంతే.

జాతర మొదలైందని చాటే చాటింపుకు ఇంకా రోజులున్నాయి కాబట్టి ఇప్పుడే చెప్పుకోవాలి. చేతులు కడుక్కోండి, శుభ్రమైన అద్దం పెట్టుకోండి లాంటి మాటలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. కళ్లు పాడు చేసుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే: కంటికి అని చేయని రంగును రెప్ప మీద పెట్టడం.

బైరాగి వేషానికి నాము (తెల్లమట్టి), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. ఒంటికి పూసుకునే ఈ రంగులు తరతరాలుగా ఉన్నవే, ఒంటి మీద ఉన్నంతవరకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా ఆ గిన్నెలోని రంగే వేలితో రెప్ప మీదికి వచ్చినప్పుడు. చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడిచి మొక్కు తీర్చుకునే అన్నలు, తమ్ముళ్లు ఒకప్పుడు కంటికి కాటుకతో సరిపెట్టేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో వీడియో చూసి నెమలికంఠం రంగు, రాణీ రంగు, బంగారు మెరుపు అన్నీ కావాలంటున్నారు. కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, చక్కగా కుదిరితే వేషానికి నిండుదనం వస్తుంది. రెప్పలకు వేసే రంగుల పెట్టె, అంటే ఐషాడో పెట్టె, లేనప్పుడు ఇంట్లో ఉన్న పొడితో పని కానిచ్చేయడమే ప్రమాదం.

రెప్ప చర్మం ఒంట్లో అన్నింటికన్నా పలచన. మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, జనం మధ్య నడుస్తుంటే నుదుటి చెమట నేరుగా రెప్పల మీదికి దిగుతుంది. అక్కడున్న రంగును కరిగించుకుని కంట్లోకి పోతుంది. బుగ్గ మీద దురదతో పోయేది కంట్లో మంటై, వాపై కూర్చుంటుంది.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లలో పళ్లాల నిండా గోపురాల్లా పోసి ఉంటాయి కదా ఎరుపు, మెరూన్, గులాబీ, ఆకుపచ్చ పొడులు. ఒక చిటికె తెచ్చి తడి టిష్యూ మీద వేసి చూడండి. రంగు తడితో పాటు పక్కలకు పాకిపోతే అందులో నీళ్లకు కరిగే డై ఉన్నట్టే, చెమటకు కూడా అట్లాగే పాకుతుంది. పాకకపోతే మంచిదని కాదు, ఆ ఒక్క డై లేదని మాత్రమే. పసుపుతో ఇంట్లో చేసిన కుంకుమ మంచిదే కదా అంటారు. పసుపు ఎర్రబడడానికి అందులో పడేది సున్నం. నుదుటి బొట్టుకు అది చాలా మంచిది, రెప్పకు కాదు. సిందూరం సంగతి ఇంకా గట్టిది: కొన్నింటిలో సీసం ఆక్సైడ్ ఉంటుంది. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలిపిన సౌందర్య సాధనాల తయారీని మన దేశ చట్టం నిషేధించింది. పూజా సామగ్రి కింద అమ్మే పొడిని ముఖానికి రాసుకునే వస్తువుగా ఎవరూ పరీక్షించి ఉండరు. రెప్పకు ఎట్లా పనికొస్తుంది?

ఇక గ్లిట్టర్. ఫ్యాన్సీ అంగట్లో గ్రీటింగ్ కార్డులకు, ముగ్గులకు అమ్మేది ప్లాస్టిక్ రేకును సన్నగా కోసిన ముక్కలు. ఫోన్ కెమెరాకు భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో ముక్కకూ ఆరు మూలలు, మూలమూలా వాడి అంచు కనబడుతుంది. అది కంట్లో పడితే రెప్ప వాల్చిన ప్రతిసారీ నల్లగుడ్డు మీది పొరను గీస్తుంది. ఆ గీతలో క్రిములు చేరితే పుండు పడుతుంది, పుండు మానినా మచ్చ మిగలొచ్చు, ఆ మచ్చ చూపుకు అడ్డం రావొచ్చు. కంటికని అమ్మే గ్లిట్టర్ ఇంకా సన్నగా ఉంటుంది. అది కూడా జెల్‌లో కలిసి ట్యూబులో వచ్చేదే కొనండి. విడిపొడి వద్దు.

అసలు పెట్టెలోనే దొరికే మోసం ఇంకొకటి ఉంది. ఫ్లోరోసెంట్ గులాబీ, నారింజ, ఊదా రంగులతో ముప్పై నలభై గళ్ల పెట్టెలు చవగ్గా వస్తాయి. వెనక చిన్న అక్షరాల్లో ‘ప్రెస్డ్ పిగ్మెంట్’ (నొక్కి గట్టిపరిచిన రంగుపొడి) అనో, ‘నాట్ ఫర్ ఐ ఏరియా’ (కంటి దగ్గర వాడొద్దు) అనో ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. చూడడానికి ఐషాడోనే. ఆ రెండు మాటల్లో ఏది కనబడినా ఆ రంగు బుగ్గకో చేతికో వాడుకోండి, రెప్పకు వద్దు. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే లైసెన్సు నంబరు బదులు దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవి లేని పెట్టె గాంధీరోడ్డులో ఎంత తక్కువకు వచ్చినా అక్కడే వదిలేయండి. లిప్‌స్టిక్‌ను రెప్పకు రుద్దడం కూడా ఇదే తప్పు. పెదవికి ఒప్పుకున్న ఎరుపు డైలన్నీ కంటికి ఒప్పుకున్నవి కావు, పైగా ఆ మైనం అరగంటలో రెప్ప మడతలో పేరుకుంటుంది.

ఇప్పుడు ఏ రంగు ఎవరికి నప్పుతుందో చూద్దాం. రంగు నప్పలేదనిపిస్తే ఇంకా ఇంకా పూస్తారు, సరిపోకపోతే కుంకుమ గిన్నె వైపు చెయ్యి పోతుంది.

మన దగ్గర ఎక్కువమందిది చామనఛాయ, కళ్లు ముదురు గోధుమ లేదా నలుపు. ఈ ఒంటికి రాగి, కంచు, ముదురు ఊదా, నేరేడు, నెమలికంఠం నీలం, పచ్చరాయి ఆకుపచ్చ బ్రహ్మాండంగా నిలుస్తాయి. లేత గులాబీ, లేత నీలం, లావెండర్ లాంటివి నేరుగా పెడితే బూడిద రాసినట్టుంటుంది. కావాలంటే కంటికి అని చేసిన తెల్ల పెన్సిల్‌ను ముందు రెప్ప మీద పలచగా రాసి, వేలితో అద్ది, దాని మీద రంగు పెట్టండి. అదే రంగు రెండింతలు కనబడుతుంది. పసుపుకు కూడా ఈ అడుగు తప్పనిసరి, లేకపోతే ఆవపిండి రంగు పసుపుతో సరిపెట్టుకోండి.

చీర రంగునే రెప్పకు తేవద్దు. రెండూ ఒకటైతే ముఖం చీరలో కలిసిపోతుంది. మామిడిపండు రంగు చీరకు ఊదా, చిలకపచ్చకు రాగి లేదా మెరూన్, ఎర్ర చీరకు పాత బంగారం రంగుతో గోధుమ, రాణీ రంగుకు ముదురు ఆకుపచ్చ. జరీ ఉంటే జరీ రంగు రెప్ప మధ్యలో చిన్న వేలి గోరంత చాలు.

ఎరుపు విడిగా చెప్పాలి. ఎర్ర ఐషాడో రెప్ప వెంట్రుకల మొదలు దాకా పెడితే కన్ను కలకతో ఉన్నట్టు, రాత్రంతా ఏడ్చినట్టు కనబడుతుంది. అందుకే వెంట్రుకల మొదట రెండు మూడు మిల్లీమీటర్ల మందాన నలుపు లేదా ముదురు గోధుమ గీత గీసి, ఎరుపును దాని పైనుంచి మొదలుపెట్టండి. మెరుపు లేని మెరూన్ అయితే ఇంకా మంచిది. వేషానికి ఎరుపు కావాలని కుంకుమ పెట్టేవాళ్లకు మార్గం ఇదే: నుదుటికి, బుగ్గలకు కుంకుమ, కనుబొమ్మ నుంచి కింద బుగ్గ ఎముక దాకా కంటికి చేసిన మెరూన్ ఐషాడో. నాలుగడుగుల దూరం నుంచి తేడా ఎవరికీ తెలియదు.

మగవాళ్లకు కనుబొమ్మ ఎముక ముందుకు ఉండి రెప్ప మడత కిందికి ఉంటుంది. కళ్లు మూసి ఐషాడో పెడితే తెరిచాక అంతా మడతలోకి పోతుంది. కళ్లు తెరిచి, అద్దంలోకి సూటిగా చూస్తూ, సహజమైన మడతకు రెండు మూడు మిల్లీమీటర్ల పైన ముదురు రంగు పెట్టండి.

క్రమం ఇది. కంటి పని ముందు, ముఖం పని తరువాత. రంగు నిలవడానికి ముందుగా రాసే ప్రైమర్ ఒక్కో రెప్పకు బియ్యపు గింజంత, అంతకు మించితే చెమటకు జారుతుంది. రెండు నిమిషాలు ఆగి, పలచగా పౌడరు అద్దండి. మడత మీద మధ్యస్థ రంగు, బయటి మూలన ముదురు రంగు, రెప్ప మధ్యలో మెరిసే రంగు. బ్రష్‌ను రంగులో ముంచిన ప్రతిసారీ పెట్టె అంచుకు తట్టండి. మెరిసే రంగును రుద్దకుండా వేలితో అద్దండి, రుద్దితే పొడి రాలి కంట్లో పడుతుంది. కింద బుగ్గ మీద టిష్యూ పట్టుకోండి. తరువాత లైనర్, చివర వాటర్‌ప్రూఫ్ మస్కారా. ఒకే పొరలో దట్టంగా పూసింది మధ్యాహ్నానికి గడ్డలు కడుతుంది. పలచగా రెండు పొరలు వేస్తే సాయంత్రం దాకా ఉంటుంది.

కొత్త రంగు ఏదైనా జాతర పొద్దున మొదటిసారి పెట్టొద్దు. వారం ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు, పొక్కు ఏది వచ్చినా ఆ రంగు మీ కంటికి పనికిరాదు. కొన్ని అలర్జీలు రెండో రోజు గానీ బయటపడవు, అందుకే గంటసేపు చూసి చాలనుకోకూడదు.

సున్నం. ఒంటికి బొగ్గు రాసి తెల్లచుక్కలు పెట్టే వేషాల్లో తాంబూలం సున్నం వాడేవాళ్లున్నారు. సున్నం గాఢమైన క్షారం. ఆమ్లం పడితే కంటి పైపొరే గడ్డకట్టి లోపలికి కొంత అడ్డం పడుతుంది, క్షారం పొరలను కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. చూపే పోవచ్చు. ముఖం మీద తెల్లచుక్కలకు జింక్ ఆక్సైడ్ తెల్లరంగు, నాటకాల మేకప్ తెల్ల స్టిక్కు వాడండి. కళ్ల దగ్గర సున్నం వద్దు, పిల్లల ముఖం మీద ఎక్కడా వద్దు.

రెప్ప లోపలి తడి గట్టు మీద రంగు గీయొద్దు. కంటికి చేసిన కాటుక పెన్సిల్ తప్ప అక్కడికి ఏదీ పోకూడదు, అదీ ఒక్కరిదే.

వరసగా పదిమందికి వేషం కట్టేవాళ్లు మస్కారా పుల్ల పదిమందికీ తిప్పొద్దు. వాడి పారేసే పుల్లలు తెచ్చుకోండి. పెన్సిల్‌ను ప్రతి మనిషికీ చెక్కి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనివ్వండి. 2023 వానల్లో కళ్లకలక ఎట్లా పాకిందో అందరూ చూశారు.

కళ్లకలక వచ్చి తగ్గినవాళ్లు పాత కాటుక, మస్కారా పారేయండి. కలక లేకపోయినా మస్కారా మూడు నెలలే.

ఎండిన లైనర్‌లో నీళ్లు, ఉమ్మి కలపొద్దు.

కృత్రిమ రెప్ప వెంట్రుకలకు వాటి జిగురే. మీసాలు అతికించే స్పిరిట్ గమ్ వద్దు. ఫెవిక్విక్ అసలే వద్దు.

రంగు లెన్సులు ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు. కొళాయి నీళ్లతో కడగొద్దు. మేకప్‌కు ముందే పెట్టండి, మేకప్ తుడిచే ముందే తీసేయండి.

మేకప్ చెదరకుండా కొట్టే సెట్టింగ్ స్ప్రేల్లో చాలావాటిలో ఆల్కహాలు ఉంటుంది. కర్పూరం, దీపం, అగరుబత్తి దగ్గర కొట్టొద్దు. కొట్టేటప్పుడు కళ్లు మూసుకుని మూరెడు దూరం నుంచి, ఆరేదాకా తెరవొద్దు.

చంటిపిల్లల కంట్లో సుర్మా, ఊరూపేరూ లేని కాటుక పెట్టొద్దు. కొన్నింటిలో సీసం ఉంటుంది, పిల్లల మెదడుకు అది చేటు.

చెమట పడితే తుడవొద్దు, టిష్యూతో అద్దండి. పైట కొంగుతో రుద్దొద్దు, కొంగుకు కుంకుమ అంటుకుని ఉంటుంది.

ఆ రంగుతోనే పడుకోవద్దు. నూనె ఉన్న రిమూవర్‌తో తడిపిన దూదిని అరనిమిషం రెప్ప మీద ఉంచి కిందికి లాగండి. గీకొద్దు.

మళ్లీ చెబుతున్నాం: కంటికి చేయని రంగు కంటి మీద వద్దు. కుంకుమ వద్దు, గులాల్ వద్దు, ముగ్గు రంగు వద్దు, ‘కొంచెమే కదా’ వద్దు.

పొడి కంట్లో పడితే నలపొద్దు. లెన్సు ఉంటే తీసేయండి. శుభ్రమైన నీళ్లు ధారగా పోయండి, మామూలు రంగైతే పావుగంట, సున్నమైతే అరగంట ఆగకుండా. పై రెప్ప ఎత్తిపట్టి దాని కిందికి కూడా నీళ్లు పోవాలి, సున్నం పలుకులు అక్కడే దాక్కుంటాయి. నిమ్మరసం, ఆముదం, చనుబాలు ఏవీ పోయొద్దు. మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి వేసుకోవద్దు, స్టెరాయిడ్ ఉన్న చుక్కలు పుండును ముదరబెడతాయి. సున్నం పడినా, చూపు మసకబడినా, వెలుతురు చూడలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. నీళ్లు పోయడం అయిన వెంటనే రుయా ఆసుపత్రికో, అలిపిరి దగ్గరి అరవింద్ కంటి ఆసుపత్రికో బయల్దేరండి. రంగు పొట్లం కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.